అక్క ముక్కు చిట్లించింది

మా ఊళ్ళో మాట సరిగా వినపడకపోతే ఎవరూ "ఏంటీ?" అని నోరు నొప్పి పుట్టించుకోరు. ముక్కు చిట్లిస్తారు, అంతే. చెప్పినవాళ్ళు మళ్ళీ చెబుతారు, ఈసారి కాస్త గట్టిగా. కొట్టు దగ్గరా అంతే, చర్చిలోనూ అంతే, చావు ఇంట్లోనూ అంతే. మా అసువాలో పుట్టిన పిల్ల నడక రాకముందే ఈ విద్య నేర్చుకుంటుంది. నేనూ అలాగే నేర్చుకుని అరవై దాటేదాకా హాయిగా వాడుకున్నాను. నా ముక్కే ఒకనాడు నా కొంప ముంచుతుందని మాత్రం అనుకోలేదు.

నా పేరు ఫ్రెదెస్విందా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక విందా అయింది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని బతిమాలినవాళ్ళూ పెద్దగా లేరు. ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసి బతికాను. సాయంత్రమైతే మా వరండాలో బల్ల వేసి డామినో ఆడేదాన్ని. ఆ బల్ల దగ్గర నన్ను "తలుపు" అనేవాళ్ళు. మంచి బిళ్ళలు పడినా చెత్త బిళ్ళలు పడినా నా మొహం మూసిన తలుపే. డామినో బిళ్ళకి రెండు సగాల్లో చుక్కలుంటాయి, బల్ల మీది వరుస కొసన ఉన్న చుక్కలకి సరిపడే బిళ్ళే అతికించాలి. ఇద్దరిద్దరు ఒక జట్టు. జట్టువాళ్ళు మాట్లాడుకోకూడదు, సైగలు చేసుకోకూడదు. అందుకని అందరూ ఒకరి మొహంలో ఒకరు వెతుక్కుంటూ కూర్చుంటారు. పక్కింటి మోంచోకి జంట ఆరు చేతికొస్తే చెవులు కూడా ఎర్రబడతాయి. నా మొహంలో మాత్రం ఎవడికీ ఏమీ దొరికేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, దాంతో కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ రోజు ఎవరిదో పెళ్ళి బట్టల గుట్ట. పొద్దుటి నుంచీ ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి ఒళ్ళంతా కాగిపోయింది. దాహం వేసి ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ళ సీసా తీశాను. సీసా చేతిలోంచి ఎలా జారిందో తెలియదు. నా చెల్లెలు కసిల్దా వంటింట్లోకి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, ఇస్త్రీ పెట్టె ఇంకా కాలుతోంది, నేను నేల మీద ఉన్నాను, నా మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి? ఇస్త్రీ చేసిన వేడి ఒంటితో ఫ్రిజ్ తెరిస్తే చలి లోపలికి దూరి మూతి తిప్పేస్తుందని మా ఊళ్ళో ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే తెరిచాను, దాహం అలాంటిది.

ఆసుపత్రిలో డాక్టరు మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నాడు. కసిల్దా వినయంగా తల ఊపింది. బయటికొచ్చాక పక్కింటి నూరిస్‌తో, "ఆయనకి రక్తం గురించి తెలుసు. గాలి గురించి ఏం తెలుసు పాపం" అంది.

ఆ డాక్టరే నాకు పరీక్ష పెట్టాడు. కళ్ళు మూయండి అన్నాడు. మూయాలనే అనుకున్నాను. ఆ ఆజ్ఞ నా తలలో బయల్దేరింది కానీ దారిలో ఎక్కడో తప్పిపోయింది. నాలుక చాపండి అన్నాడు, అదీ అంతే. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్ళు ఆర్పమన్నాడు. నేను లోపల నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా నా రెప్పలు ఆయన్ని పట్టించుకోలేదు. పెన్సిలు ఇస్తే ఎడమ చెయ్యి పిచ్చి గీతలు గీసింది. కుడి చెయ్యి సంగతి చెప్పక్కర్లేదు, అది చచ్చి పడి ఉంది. "ఈవిడకి మాటలు అర్థం కావట్లేదు. చెవి కూడా మందగించి ఉండొచ్చు" అని కసిల్దాతో చెప్పి ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు ప్రతి మాటా అర్థమవుతుంది. చెవులకూ శుభ్రంగా వినపడుతుంది. నా మీద ఈగ వాలితే కళ్ళు వాటంతటవే మూతపడతాయి, ఆవలింత వస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నేను చెయ్యాలనుకున్నది ఒక్కటీ జరగదు, అనుకోనివన్నీ ఠంచనుగా జరుగుతాయి. జన్మంతా ఏ మొహాన్ని మూసి తాళం వేసుకున్నానో ఆ మొహం ఇప్పుడు నా అనుమతి లేకుండా నిజాలు చెబుతోంది. చూడ్డానికి ఇంటినిండా మనుషులున్నారు. చదవగలిగేవాళ్ళే లేరు.

ఇంటికి తెచ్చాక కసిల్దా నన్ను ముందు గదిలో పడుకోబెట్టింది. ఆ గది కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది. నేను డామినో ఆడే బల్ల సరిగ్గా ఆ కిటికీ కింద ఉంటుంది. చెల్లెలికి ఎంత బుద్ధి, నాకు కాలక్షేపమవుతుందని ఇక్కడ పడుకోబెట్టింది అని సంబరపడ్డాను. మరుక్షణం కసిల్దా కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టింది. రెక్కల సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. తలుపు కింద తువ్వాలు దోపింది. ఫ్యాను తీగ పీకి, ఫ్యానునే అవతలి గదిలోకి మోసుకుపోయింది. నా తలకీ మెడకీ ఉన్ని గుడ్డ చుట్టి, గొంతు నుంచి గుండె దాకా మెంతాల్ మలాం పట్టించింది. తర్వాత నా పక్కన కూర్చుని, అలసిపోయి, ప్రేమగా అడిగింది.

"కిటికీ మూసే ఉంచుతానక్కా, గాలి తగలకుండా. సరేనా?"

అసువా ఎండ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ మేకలు కూడా మధ్యాహ్నం గోడ నీడ వెతుక్కుంటాయి. ఆ మూసిన గదిలో, ఆ గుడ్డలో, ఆ మలాం ఘాటులో, నా సొంత చెమట కంపులో నాకు అసహ్యం పుట్టింది. నా ముక్కు చిట్లింది.

కసిల్దా ముందుకు వంగింది. "కిటికీ మూసే ఉంచుతానక్కా" అంది ఇంకొంచెం గట్టిగా.

ముక్కు మళ్ళీ చిట్లింది.

"కిటికీ. మూసి. ఉంచుతాను." వీధి చివరి కొట్టుకి కూడా వినపడి ఉంటుంది.

నా ఒళ్ళు మండిపోయింది. ముక్కు ఈసారి ఇంకా గట్టిగా ముడుచుకుంది. కసిల్దా జాలిగా నా నుదురు తుడిచి, "పాపం, వినపడ్డం లేదు" అని లేచిపోయింది.

ఆ రోజు నుంచి అదే తంతు. పొద్దున్నే గుడ్డ మార్చే ముందు అడుగుతుంది, ముక్కు చిట్లుతుంది, గట్టిగా అడుగుతుంది. మలాం రాసే ముందు అడుగుతుంది. మధ్యాహ్నం తలుపు వేసే ముందు అడుగుతుంది. నేను ఎంత గట్టిగా వద్దంటే తను అంత గట్టిగా అరుస్తుంది. ముక్కు కదలకుండా పట్టుకుంటే అయినా అనుమానం వస్తుందేమోనని చాలాసార్లు అనుకున్నాను. పట్టుకోవడం కూడా నా చేతిలో లేదు కదా.

కసిల్దాని తిట్టుకోని రోజు లేదు. కానీ తిట్టడం మొదలుపెట్టిన ప్రతిసారీ మా అమ్మ మధ్యలోకి వచ్చేది. అమ్మది కూడా ఇస్త్రీ పనే. ఒకరోజు బొగ్గుల పెట్టె దించి, అదే వేడి చేతులతో ఆరేసిన బట్టలు తియ్యడానికి వానలోకి పరిగెత్తింది. మూతి తిరిగింది. అమ్మకు మాట మిగిలింది. నేను అప్పటికే పనికి పోతున్నాను, అమ్మ దగ్గర కసిల్దా ఉండేది, చిన్నపిల్ల. కిటికీ తెరవొద్దని పెద్దవాళ్ళు గట్టిగా చెప్పి వెళ్ళారు. అమ్మ మాత్రం "ఊపిరాడట్లేదే తల్లీ, కాస్త తెరు" అంది. కసిల్దా తెరిచింది. మర్నాటికి అమ్మ లేదు. తెరిచిన కిటికీయే చంపిందని ఆ వీధి ఆడవాళ్ళు శవం పక్కనే కూర్చుని అనుకున్నారు, కసిల్దా వింటుండగానే. ఆ తర్వాత అది ఏ ఇంటికి వెళ్ళినా ముందు కిటికీ గడియలు చూసేది. అందుకే దాన్ని సగం తిట్టి ఆపేసేదాన్ని. మిగతా సగం గొంతులోనే ఉండిపోయేది.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇంకో రకం. నా మూతి ఎడమ పక్కకి పోయింది కాబట్టి ఏడుపొస్తే పెదవి ఆ పక్కకే లాక్కుపోతుంది. పక్కనుంచి చూసేవాళ్ళకి అది నవ్వులా ఉంటుందట. "చూడు, ఎంత సంతోషంగా ఉందో" అనేది నూరిస్. ఉక్కకి మొహం కందిపోతే రక్తం పడుతోందనేవాళ్ళు. ఒళ్ళంతా చెమట కారుతుంటే, లోపల దూరిన చలి నీరై పోతోందని కసిల్దాని మెచ్చుకునేవాళ్ళు. ఉడికిపోతున్నాను తల్లులారా అని నేను లోపల అరుస్తుంటే, "నీ చేతి చలవ కసిల్దా, బాగా తేరుకుంది" అని వాళ్ళు అల్లం టీ తాగి వెళ్ళేవాళ్ళు.

క్లినిక్ నుంచి లౌతారో అనే ఆయన వచ్చి నా కాళ్ళూ చేతులూ వంచి వెళ్ళేవాడు. బట్టతల మనిషి, చిలీ దేశంవాడు, ఈ మధ్యే మా ఊరికి వచ్చాడు. ఒకరోజు గదిలోకి అడుగు పెట్టగానే చొక్కా పైబొత్తాం విప్పుకున్నాడు. నూరిస్ కూడా అక్కడే ఉంది.

"అమ్మా, ఈ గది పొయ్యిలా ఉంది. ఆ కిటికీ కాస్త తియ్యకూడదా?" అన్నాడు.

"తీస్తా నాయనా, నువ్వెళ్ళాక తీస్తా" అంది కసిల్దా. ఆదివారం పాదిరీ దగ్గర ఒప్పుకోవాల్సిన అబద్ధాల్లో అదొకటి.

ఆయన నా వైపు తిరిగాడు. "విందా గారూ, ఇలా అన్నీ మూసేసి ఉంటే మీకు బాగుందా?"

ముక్కు చిట్లింది.

లౌతారో నా మొహం వంక నిదానంగా చూశాడు. "చూడండి, ఆవిడకి అసహ్యంగా ఉంది. వద్దంటున్నారు" అన్నాడు.

ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికాడు. కిటికీ తెరుచుకున్నట్టే అనుకున్నాను.

నూరిస్ పగలబడి నవ్వింది. "అసహ్యమా? నువ్వు ఏ ఊరి నుంచి వచ్చావయ్యా? అది 'ఏంటీ' అని అడగడం. ఆవిడకి వినపడలేదు."

"ముక్కుతోనా?"

"మరి దేంతో అడుగుతారు? చూడు." నూరిస్ ఆయన మొహం ముందు మొహం పెట్టి ముక్కు చిట్లించి చూపించింది. కసిల్దా కూడా చూపించింది. ఇద్దరూ కలిసి ఆయన చేత కూడా చిట్లింపించారు.

లౌతారో నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అందుకా? నేను ఏ సామాను అడిగినా ఆ కొట్టాయన నన్ను చూసి ముక్కు చిట్లిస్తాడు. నా ఒంటి నుంచి వాసనొస్తోందేమోనని వేళాపాళా లేకుండా స్నానాలు చేస్తున్నానండీ."

"వాసన కాదు బాబూ, నీ చిలీ యాస. అది మా వాళ్ళలో ఎవడికి అర్థమవుతుంది?" అంది నూరిస్.

ముగ్గురూ నవ్వుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, పెదవి పక్కకి లాక్కుపోయింది. "చూడు, అక్క కూడా నవ్వుతోంది" అంది కసిల్దా. లౌతారో నా చెవి దగ్గరికి వంగి, తన కొత్త చదువంతా చూపిస్తూ, "మీకు బాగుందా విందా గారూ?" అని గావుకేక పెట్టాడు. నన్ను సరిగ్గా చదివిన ఒకే ఒక్క మనిషికి దగ్గర కూర్చోబెట్టుకుని మరీ తప్పు నేర్పారు.

ఆ తర్వాత నాకు తిండి మీద మనసు పోయింది. కసిల్దా అరటికాయ ముద్ద మెత్తగా మెదిపి చెంచాతో పెడితే నోట్లో అలాగే ఉండిపోయేది. సూప్ పెదవి చివర నుంచి కారిపోయేది. డాక్టరు వచ్చి నాడి చూసి, రోజురోజుకీ నీరసించిపోతోంది, ఇలాగే ఉంటే ఎక్కువ కాలం లాగదు అన్నాడు. కసిల్దా ఆయన వెళ్ళాక ఇంకో గుడ్డ తెచ్చి కిటికీ సందులో కుక్కింది. గాలి ఎక్కడి నుంచో దూరుతోందని దాని అనుమానం. ఆ గదిలోనే, ఆ గుడ్డలోనే, చెల్లెలి ప్రేమలోనే ఊపిరాడక పోతానని నాకు ఖాయమైపోయింది. భయం కన్నా ముందు సిగ్గేసింది. ఇంతమంది మధ్య, ఒక కిటికీ కోసం.

సాయంత్రాలు మరీ కష్టంగా ఉండేవి. కిటికీ అవతల, మూరెడు దూరంలో, నా బల్ల మీద బిళ్ళలు టపటపా పడేవి. ఎలీహియో దగ్గు వినపడేది. ఎలీహియో నా జట్టువాడు, ఇన్నేళ్ళూ నాకు ఎదురుగా కూర్చున్నవాడు. వాళ్ళమ్మాయి బాప్తిస్మానికి జ్ఞానతల్లిని నేనే కాబట్టి నన్ను "కొమాద్రె" అంటాడు. సముద్రం వైపు నుంచి సాయంత్రం గాలి లేచిందంటే వాళ్ళంతా "అబ్బా" అనేవాళ్ళు. ఆ గాలి గుడ్డపీలికల దాకా వచ్చి ఆగిపోయేది.

ఒక శనివారం సాయంత్రం ఎలీహియో వరండాలోంచి లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తిండి తినడం లేదంటగా?" అని కసిల్దాని అడిగాడు.

"నోట్లో పెట్టుకుని ఊరుకుంటోంది. ఏం చెయ్యమంటావు?"

"బల్ల లోపలికి తెస్తా. కొమాద్రె ఆడుతుంది."

"చెయ్యే లేవదు, ఎలా ఆడుతుంది? పైగా జూదం."

"జూదం కాదు, డామినో. బిళ్ళలు నువ్వు పట్టుకో. మోంచో, నూరిస్ అటు జట్టు, మేం ఇటు."

కసిల్దా జపమాల తిప్పుకుంటూ ఆలోచించింది. "తలుపు వెంటనే వేసెయ్యాలి" అంది చివరికి. అలా నలుగురు మనుషులూ ఒక బల్లా ఆ కొలిమిలోకి వచ్చి, తలుపు మూసుకుని కూర్చున్నారు. నూరిస్ మొగుడు మోంచోకి కూర్చోకముందే చొక్కా తడిసిపోయింది. అయినా రోగి గది అంటే ఇలాగే ఉంటుందని అందరి నమ్మకం.

కసిల్దా మంచం అంచున కూర్చుని నా బిళ్ళలు ఒడిలో పళ్ళెం అంచుకి ఆనించి నిలబెట్టింది. దానికి ఆట రాదు. ఏ బిళ్ళ ఎక్కడ అతుకుతుందో చుక్కలు చూసి తెలుసుకోగలదు, అంతవరకే. మొదటి ఆటలో నా వంతు రాగానే ఒక బిళ్ళ ఎత్తి నా కళ్ళ ముందు పెట్టి, "అయిదూ ఒకటీ వెయ్యనా అక్కా?" అంది.

అది వేస్తే ఎలీహియో కొంప మునుగుతుంది. ముక్కు చిట్లింది.

"అయిదూ ఒకటీ" అంది కసిల్దా గట్టిగా. వేసింది. మోంచో పండగ చేసుకున్నాడు. ఆట అంతా అలాగే నడిచింది. నా చేతిలో ఏముందో వీధి వీధంతా వింది. ఓడిపోయాం.

ఎలీహియోకి కోపమొచ్చింది. "కసిల్దా, బిళ్ళ పేరు పైకి అనకూడదు. ఇది జపం కాదు. నోరు మూసుకుని ఆడాలి."

"పైకి అనకపోతే అక్కకెలా తెలుస్తుంది?"

"కళ్ళున్నాయిగా. చూపించు, చాలు. ఈసారి బిళ్ళల గురించి నోరు తెరిచినవాళ్ళు ఆట ఓడినట్టే."

"నాకు అభ్యంతరం లేదు" అన్నాడు మోంచో. "కానీ మధ్యలో ఏడుపులు ఉండకూడదు."

రెండో ఆట మొదలైంది. ఎలీహియో జంట అయిదు వేసి తెరిచాడు. అంటే అయిదులు తన దగ్గర ఉన్నాయి, అయిదు కొస ముట్టుకోవద్దని నాకు చెప్పడం. ఇన్నేళ్ళుగా మేం ఇలాగే మాట్లాడుకుంటున్నాం. మోంచో అయిదూ రెండు వేశాడు, ఇప్పుడు ఒక కొసన అయిదు, రెండో కొసన రెండు ఉన్నాయి. నా వంతు వచ్చింది. పళ్ళెంలో రెండూ నాలుగు బిళ్ళ ఉంది, బంగారంలాంటి బిళ్ళ. దాని పక్కన అయిదూ మూడు ఉంది. కసిల్దా చెయ్యి అయిదూ మూడు మీదే పడింది. ఎత్తింది. పెదవులు బిగపట్టుకుని నా కళ్ళ ముందు పెట్టింది.

జట్టువాడి అయిదుని నా చేత్తో నేనే మూసెయ్యడమా? నా ముక్కు మొదలంటా చిట్లింది.

కసిల్దా అలవాటు ప్రకారం ముందుకు వంగింది. గట్టిగా మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచింది.

నోరు అలాగే ఉండిపోయింది. మళ్ళీ ఏం చెప్పాలి? అసలు ఏమీ అనలేదు కదా.

కసిల్దా చేతిలోని బిళ్ళని చూసింది, నా మొహం చూసింది. బిళ్ళ కిందకి దించింది. నా ముక్కు సర్దుకుంది. మళ్ళీ పైకి ఎత్తింది. చిట్లింది. అది పక్కన పెట్టి నెమ్మదిగా రెండూ నాలుగు ఎత్తి చూపించింది. నా మొహం నా పాత మొహంలా ఊరుకుంది. అయిదూ మూడు మళ్ళీ తెచ్చింది. చిట్లింది.

"వెయ్యమ్మా, ఎంతసేపు" అన్నాడు మోంచో. కసిల్దా రెండూ నాలుగు వేసింది. నూరిస్ వంతు అయ్యాక ఎలీహియో తన బిళ్ళ బల్ల మీద ఎంత గట్టిగా కొట్టాడంటే పళ్ళెం ఎగిరింది. మోంచో నా వంక గుర్రుగా చూసి, "ఇన్నేళ్ళు తలుపులా కూర్చుని, ఇప్పుడు మొహంతో మాట్లాడుతుందా? ఇది అన్యాయం" అన్నాడు. నూరిస్ వాడి కాలు తొక్కింది.

కసిల్దా అదేమీ వినలేదు. నా వైపు తిరిగి కూర్చుంది. ఒడిలోంచి బిళ్ళలు జారి నేల మీద పడ్డా చూసుకోలేదు. దాని మొహం చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మొదట అనుమానం, తర్వాత లెక్క. పొద్దున్నే అడిగినవీ, మధ్యాహ్నం అడిగినవీ, అరిచి అడిగినవీ అన్నీ ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి ఏరుకుంటోంది. ఏరుకున్న కొద్దీ దాని రంగు పాలిపోతోంది.

మెంతాల్ సీసా ఎత్తి మాట్లాడకుండా చూపించింది. నా ముక్కు చిట్లింది. నా మెడ చుట్టూ ఉన్న ఉన్ని గుడ్డ కొసను ముట్టుకుంది. చిట్లింది. కిటికీ వైపు చూడలేకపోయింది, నేల చూపులు చూస్తూ కూర్చుంది.

"కసిల్దా" అన్నాడు ఎలీహియో మెల్లగా.

"నువ్వుండు." నా మంచం అంచు పట్టుకుంది. "అమ్మ కూడా తెరవమనే అడిగింది. తెరిచాను. నీకు తెలుసుగా అక్కా ఏమైందో. నువ్వు కూడా పోతే ఈ ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి?"

నాకు జవాబు చెప్పాలనే ఉంది. నీ తప్పు కాదే, కిటికీ తప్పూ కాదు, అమ్మ ఎలాగూ పోయేదే అని ఒక్కసారి చెప్పగలిగితే చాలు, మళ్ళీ నోరు పడిపోయినా ఫర్వాలేదు. పెదవి పక్కకి లాక్కుపోయింది. ఈసారి ఎవరూ నవ్వుతోందనలేదు.

కసిల్దా నా మొహానికి దగ్గరగా జరిగింది. నేను మంచాన పడ్డాక ఇంత చిన్న గొంతుతో అది నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మూసే ఉంచనా అక్కా?"

ముక్కు చిట్లింది.

కసిల్దా మళ్ళీ అడగలేదు.

లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి పీలికలు లాగడం మొదలుపెట్టింది. అవన్నీ నా పాత ఇస్త్రీ గుడ్డలే, అప్పుడే గుర్తుపట్టాను. ఎంత గట్టిగా కుక్కిందో, ఒక్కోటీ పళ్ళబిగువున లాగాల్సి వచ్చింది. మోంచో సాయానికి లేవబోతే వద్దని చెయ్యి చూపించింది. గడియ తీసే ముందు శిలువ గుర్తు వేసుకుంది. రెండు రెక్కలూ తెరిచేసి, గిరుక్కున వెనక్కి తిరిగి, కిటికీకి వీపు ఆనించి చేతులు బార్లా చాపి నిలబడింది. గాలి ముందు తనకి తగలాలి, తనని దాటుకుని నా దగ్గరికి రాకూడదు.

సముద్రం గాలి వచ్చింది. కసిల్దా గౌను అంచు ఎగురుతోంది, జుట్టు మొహం మీద పడుతోంది. బల్ల దగ్గర ముగ్గురూ "అబ్బా" అన్నారు. నా దాకా మాత్రం ఏమీ రాలేదు. కిటికీ నిండా నా చెల్లెలే ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

కాసేపటికి కళ్ళు తెరిచి, బతికే ఉన్నానో లేదోనని నా వైపు చూసింది. నా ముక్కు చిట్లి ఉంది.

ఎవరూ ఏమీ అడగలేదు. కసిల్దా పక్కకి జరిగింది.